గ్రేడింగు బల్ల

కాశీబుగ్గ బ్యాంకులో ఆ గుంట
అద్దం అవతలి నుంచి నా అంకె చదివింది.
ఐదు వందల అరవై ఒకటి.
నవ్వొచ్చింది నాకు.
పద్దెనిమిదేళ్లుగా అంకెలేసేదాన్ని నేను.
పలాసలో ఏ జీడి బట్టీలోనైనా అడగండి,
దమయంతి బల్ల మీద పప్పు పోసి చూడండి.
నూట ఎనభై, రెండు వందల నలభై, మూడు వందల ఇరవై,
బద్ద, ముక్క, నూక,
కళ్లు మూసుకుని వేరుచేస్తాను.

మా దగ్గర అంకె చిన్నదైతే గింజ పెద్దది.
ఇక్కడ అంకె పెద్దదైతేనే మనిషి మనిషట.
ఈ తిరకాసు తలకెక్కేసరికి
ఒక పూట కూలి పోయింది.

"ఏటమ్మా, నా మీద ఏటి మచ్చ?"
తెర నా వైపు తిప్పింది.
తిత్లీ తుఫానుకి ముందు కొన్న ట్రక్కు ఆటో.
ఒక్క రాత్రి గాలి తోటలన్నిట్నీ పడుకోబెట్టాక
ఆటోలోకి ఎక్కించడానికి పిక్క లేదు,
పదకొండు వాయిదాలు వరసగా తిరిగొచ్చాయి.
ఫైనాన్సు కుర్రాడొచ్చి సగం కట్టు, మర్చిపోదాం అన్నాడు.
మేకలమ్మి కట్టాను. టీ కూడా తాగి వెళ్లాడు.
నేను తీరిపోయిందనుకున్న చోట
వాళ్లు రాజీ అని రాసుకున్నారు.
తీరడం వేరట. రాజీ పడడం వేరట.
ఏడేళ్లుగా ఆ ఒక్క మాట
నా కంటే ముందు బ్యాంకు గుమ్మం తొక్కుతోంది.

మిగతా సగం కట్టాను.
బాకీ లేదన్న కాగితం కోసం శ్రీకాకుళం మూడుసార్లు.
మూడోసారికి ఆఫీసే మారిపోయింది,
కింద చెప్పుల కొట్టువాడు కొత్త చోటు చెప్పాడు.

ఆపైన ప్రణీత, అదే ఆ గుంట,
పదివేలు డిపాజిట్ చేయించి
దాని మీద ఎనిమిది వేల కార్డు ఇప్పిస్తానంది.
నా డబ్బే నాకు అప్పిస్తారు,
ఎలా కడతానో చూడ్డానికి.
వేలిముద్ర మిషను నన్ను ఒప్పుకోలేదు.
జీడినూనె తినేసిన వేళ్లు,
నాలుగుసార్లు అద్దినా నున్నగా జారిపోయాయి.
ఐదోసారి కన్ను చూపించమంది.
నేను నేనేనని చెప్పడానికే ఇంత పనైతే
నమ్మదగ్గదాన్నని చెప్పడానికి ఎంతవుద్ది?

"ఎనిమిది వేలుంది కదాని ఎనిమిదీ వాడకు, అక్కా.
రెండు దాటితే ఆకలి మీదున్నావనుకుంటారు."
ఆకలున్నోళ్లకి వడ్డించరన్నమాట.
మా అత్త కూడా ఇంతే.

గ్యాసు బండ, అమ్మ బీపీ మాత్రలు, అంతే.
బట్టీ క్యాలెండరులో ప్రతి ఐదో తారీఖు చుట్టూ
బొగ్గుతో ఒక సున్నా.
జ్వరంలో కట్టాను. బట్టీ మూసిన నెల
చేబదులు తెచ్చి కట్టాను.
మేనల్లుడు ఫోను చూపించి,
ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్ పిన్నీ అంటే
ఒగ్గేయ్ అన్నాను.
అడిగిన చోటల్లా అంకె చిన్నబోద్దట,
మనిషి లాగే.

ఐదు వందల డెబ్బై నాలుగు.
తర్వాత అరవై తొమ్మిది.
ఎందుకు తగ్గిందో ప్రణీతకీ తెల్దు.
ఆ రాత్రి అన్నం సయించలేదు.
ఆరు వందల పన్నెండు.
విరిగిన పప్పుని ఏ జిగురూ అతకదు, అది నాకు తెలుసు.
విరిగిన అంకె మాత్రం
నెలకింత, నెలకింత,
కనపడని చోటెక్కడో అతుక్కుంటోంది.

మొన్నటికి ఆరు వందల ఎనభై ఎనిమిది.
పెరట్లో రెండు కటింగు మిషన్లు పెట్టుకోవాలంటే
ఏడు వందలుండాలట. ఇంకా పన్నెండు తక్కువ.

ఇవాళ బల్ల దగ్గర కొత్తగా చేరిన పిల్ల
ఒక గింజని ముక్కల బుట్టలోకి విసిరింది.
తీసి వెలుతురుకి తిప్పాను.
ఒక పక్క సెగ తగిలి కమిలింది, అంతే.
చీలిక లేదు.
ఏ గ్రేడూ చెప్పకుండా పక్కన పెట్టాను.
పిల్ల నా మొహంలోకి చూసింది.

ఇవాళ నాలుగో తారీఖు.
రేపు బేగి లేవాలి.